జీతం బాకీ కింద రాజు ఇచ్చిన ఊరు

సంపాదకులకు నమస్కారం.

నేను ఏడేళ్ళుగా వార్సాలో ఉంటున్నాను. ఇక్కడికొచ్చాక కూడా మీ ఆదివారం అనుబంధం ఫోన్‌లో తప్పకుండా చదువుతాను, అమ్మ ఊళ్ళో పేపర్ మీద చదువుతుంది, సాయంత్రం ఫోన్‌లో ఇద్దరం దాని గురించే మాట్లాడుకుంటాం. మొన్న మీరు పోలెండ్ మీద వేసిన యాత్రా వ్యాసం కూడా అలాగే చదివాను. క్రాకోవ్ కోట, ఉప్పు గని, ఆష్విట్జ్ గురించి బాగానే రాశారు. కానీ చివర్లో ఒక వాక్యం ఉంది, పోలెండ్ మొదటి నుంచీ ఒకే మతం ఉన్న దేశమని, ముస్లింలు ఈ మధ్య వలస వచ్చినవాళ్ళేనని. ఆ వాక్యం తప్పు. అది అలా వదిలేస్తే నా మనసుకి నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వేయగలిగినంత వేయండి.

పోలెండ్ తూర్పు అంచున, బెలారుస్ సరిహద్దుకి కొద్ది కిలోమీటర్ల దూరంలో క్రుషినియానీ అనే చిన్న పల్లె ఉంది. బియావిస్తోక్ నగరం నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఊరి జనాభా రెండు వందలు కూడా ఉండదు. ఒకటే పొడుగాటి వీధి, దానికి రెండు వైపులా చెక్క ఇళ్ళు, వెనక పొలాలు, ఆ వెనక అడవి. ఆ వీధి పక్కనే చెట్ల మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన ఒక చెక్క కట్టడం కనిపిస్తుంది. ముందు రెండు చిన్న బురుజులు, చూడగానే ఎవరైనా పల్లెటూరి చర్చి అనే అనుకుంటారు, మేమూ కారు దిగేదాకా అలాగే అనుకున్నాం. తల ఎత్తి చూస్తే బురుజుల కొసన శిలువ లేదు, నెలవంక ఉంది. అది మసీదు. ఇప్పుడున్న కట్టడం 18వ శతాబ్దం చివర్లోనో 19వ శతాబ్దం మొదట్లోనో కట్టింది, కానీ ఈ ఊళ్ళో మసీదు ఉందని 1717 నాటికే కాగితాల్లో రాసి ఉంది.

ఈ మసీదు కట్టుకున్నవాళ్ళు తాతార్లు అనే ముస్లిం జాతివాళ్ళు. వాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పాలంటే రెండు మెట్లు వెనక్కి వెళ్ళాలి. 14వ శతాబ్దం చివర్లో, విటోల్డ్ అనే ప్రభువు లిథువేనియాని ఏలుతున్న రోజుల్లో, తూర్పు మైదానాల నుంచి తాతార్లు గుంపులుగా వచ్చి ఆయన రాజ్యంలో స్థిరపడ్డారు. కొందరు ఖైదీలుగా వచ్చారు, కొందరు తమ దగ్గర సింహాసనం గొడవల్లో ఓడిపోయి ఆశ్రయం కోసం వచ్చారు. గుర్రం మీద యుద్ధం చేయడంలో వాళ్ళకి సాటి లేదు కాబట్టి ప్రభువు వాళ్ళకి భూములిచ్చి, దానికి బదులుగా యుద్ధం వచ్చినప్పుడల్లా గుర్రంతో, ఆయుధంతో రావాలన్నాడు. మన దగ్గర కొలువు చేసినవాళ్ళకి మాన్యాలు, ఇనాములు రాసిచ్చిన పద్ధతి లాంటిదే. 1410లో గ్రున్వాల్డ్ దగ్గర జర్మన్ మత సైనికులతో పెద్ద యుద్ధం జరిగితే, పోలెండ్, లిథువేనియా సేనల్లో ఈ తాతార్లూ ఉన్నారు. అంటే ముస్లింలు పోలెండ్ తరఫున కత్తి పట్టి ఆరు వందల ఏళ్ళు దాటింది.

క్రుషినియానీ కథ మాత్రం 17వ శతాబ్దంలో మొదలవుతుంది. అప్పటికి పోలెండ్, లిథువేనియా ఒకే దేశంగా ఉన్నాయి, ఆ దేశం ఒకదాని తర్వాత ఒకటిగా యుద్ధాలు చేసి ఖజానా ఖాళీ చేసుకుంది. సరిహద్దు దళాల్లో ఉన్న తాతార్లకి ఏళ్ళ తరబడి జీతాలు అందలేదు, పైగా పాత హక్కులు ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ వచ్చారు. చివరికి 1672లో చాలామంది తిరగబడి టర్కీ సుల్తాన్ పక్షాన చేరిపోయారు. దీన్ని నమ్మకద్రోహం అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా మటుకు నాకు జీతం ఇవ్వకుండా ప్రాణం ఇమ్మనడమే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. తర్వాత రాజైన మూడో యాన్ సోబియెస్కీ కూడా ఇంచుమించు అలాగే ఆలోచించినట్టున్నాడు, ఎందుకంటే వాళ్ళని శిక్షించడం కంటే వెనక్కి తెచ్చుకోవడం మీద దృష్టి పెట్టాడు. క్షమాపణ ప్రకటించి, ఇవ్వాల్సిన బాకీకి డబ్బు లేదు కాబట్టి, గ్రోద్నో దగ్గర రాజుగారి సొంత భూముల్లోంచి ఊళ్ళు రాసిచ్చాడు. ఆ పత్రం 1679 నాటిది. అందులో క్రుషినియానీ శామ్యూల్ ముర్జా క్షెచోవ్‌స్కీ అనే తాతార్ దళాధిపతికి, ఆయన మనుషులకి దక్కింది. బొహొనికి అనే ఇంకో ఊరు వేరే దళానికి దక్కింది. ఎవరి హోదాకి తగ్గట్టు వాళ్ళకి పొలం, ఆ పొలంలో పనిచేసే రైతు కుటుంబాలు.

సోబియెస్కీ పేరు మన పాఠకులు ఎక్కడో విని ఉంటారు, 1683లో వియన్నా నగరాన్ని ముట్టడించిన టర్కీ సేనని ఓడించిన రాజు ఈయనే. ఆ యుద్ధాన్ని క్రైస్తవులకీ ముస్లింలకీ మధ్య జరిగిన పోరాటం అని ఇప్పటికీ ఇక్కడి సభల్లో గొంతు చించుకుని చెప్పేవాళ్ళున్నారు. కానీ సోబియెస్కీ సేనలో ముస్లిం తాతార్లు ఉన్నారు. సుల్తాన్ సేనలోనూ తాతార్లే ఉండేసరికి, గుర్తు తెలియక తమవాళ్ళే తమని నరకకుండా రాజు పక్షం తాతార్లు శిరస్త్రాణాల్లో గడ్డిపోచలు గుచ్చుకున్నారని చెప్పుకుంటారు. వియన్నా గెలిచిన నెలకే పర్కానీ దగ్గర జరిగిన పోరులో రాజు దాదాపు ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు, అప్పుడు ఆయన్ని కాపాడింది ఈ క్షెచోవ్‌స్కీయేనని క్రుషినియానీలో చెబుతారు. తర్వాత గ్రోద్నోలో చట్టసభకి వెళ్తూ రాజు ఈ ఊళ్ళో ఆగి, దళాధిపతి ఇంటి ముందు ఇక్కడ లిపా అని పిలిచే పెద్ద చెట్ల నీడలో కూర్చున్నాడని కూడా అంటారు. ఇవి ఊరి నోట వచ్చిన కథలు, చరిత్ర పత్రాలు కావు, నేనూ అలాగే చెబుతున్నాను. కానీ దాదాపు మూడు వందల నలభై ఏళ్ళ తర్వాత కూడా ఒక ఊరు తమ రాజు ఏ చెట్టు కింద కూర్చున్నాడో చెప్పుకుంటోంది అంటే, ఆ ఊరికి ఆ దేశం పరాయిది కాదనే కదా.

మసీదు లోపలి సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే నన్ను పట్టుకున్నది అదే. ఆ కాలంలో ఈ చుట్టుపక్కల చెక్కపని వడ్రంగులకి చర్చిలు కట్టడమే తెలుసు. మసీదు కట్టమంటే వాళ్ళకి చేతనైన పద్ధతిలోనే కట్టారు, అందుకే బయటినుంచి అలా చర్చిలా ఉంటుంది. షూస్ బయట విప్పేసి లోపలికి వెళ్తే కింద తివాచీలు, చుట్టూ చెక్క గోడలు, గోడల మీద ఖురాన్ వాక్యాలు రాసిన పటాలు, మక్కా బొమ్మలు. ఆ పటాలని ముహిర్లు అంటారు. మక్కా దిక్కు అక్కణ్ణుంచి దక్షిణం వైపు కాబట్టి మిహ్రాబ్, అంటే ప్రార్థన దిక్కు చూపే గూడు, ఆ గోడకే ఉంది. ఆడవాళ్ళకి వేరే గది, వేరే ద్వారం, మధ్య గోడకి పొడుగునా సన్నటి తెర కట్టిన సందు, అందులోంచి ఇవతలి ప్రార్థన అవతలికి వినిపిస్తుంది. మొత్తం మన ఊళ్ళో ఒక మాదిరి పెంకుటిల్లంత ఉంటుంది. అంత చిన్న చోట పాత కలప వాసన, కిటికీలోంచి పడే ఎండ, నేను ఎక్కువ మాట్లాడలేకపోయాను.

అక్కడ తాతార్ సమాజానికి చెందిన ఒక పెద్దాయన వచ్చినవాళ్ళందరికీ చరిత్ర చెబుతుంటే, మా పాప (తొమ్మిదేళ్ళు) పోలిష్‌లో ఒక ప్రశ్న అడిగింది. మీరు ఇంట్లో తాతార్ భాషలో మాట్లాడుకుంటారా అని. ఆయన లేదన్నారు. ఎప్పుడో 16, 17 శతాబ్దాల నాటికే వాళ్ళ భాష పోయిందట. మొదట్లో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, స్థానిక స్త్రీలని పెళ్ళి చేసుకున్నారు, పిల్లలకి తల్లి మాటే అలవాటైంది, అందుకని రెండు మూడు తరాల్లో ఇంట్లో పోలిష్, బెలారుసీ మాటలే మిగిలాయి. కానీ లిపి మాత్రం వదల్లేదు. ప్రార్థన పుస్తకాల్లో, ధర్మం చెప్పే పుస్తకాల్లో పోలిష్, బెలారుసీ భాషనే అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నారు. ఇంటింటికీ చేత్తో నకలు చేసుకున్న ఆ పుస్తకాలని కితాబులు, హమాయిళ్ళు అంటారు. ఖురాన్‌ని కూడా ఇలాగే పోలిష్‌లోకి మార్చుకుని అరబ్బీ అక్షరాల్లోనే వరుసల మధ్య రాసుకున్నారు, ఒక స్లావ్ భాషలోకి ఖురాన్ రావడం అదే మొదలని దాన్ని చదివిన పరిశోధకులు చెబుతున్నారు.

ఆ మాట విన్నప్పుడు మా పాప నోట్‌బుక్ గుర్తొచ్చింది. తను మా అమ్మ ఫోన్‌లో చెప్పే శ్లోకాలు, పద్యాలు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటుంది. మాట తెలుగు, రాత వేరు. తాతార్లది దానికి తలకిందులు, రాత తమది, మాట ఊరిది. తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆయనా నేనూ చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ వారమే పాపకి అ ఆ ఇ ఈలు దిద్దించడం మొదలుపెట్టాను, ఇప్పుడు గుణింతాల్లో ఉంది. విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మీ పాఠకులు ఎంతోమంది ఉంటారు, వాళ్ళకి ఈ టెన్షన్ తెలుసు.

మసీదు వెనక అడవిలోకి కొంచెం నడిస్తే మిజార్ వస్తుంది, అంటే వాళ్ళ శ్మశానం. చిన్న గుట్ట, పైన్ చెట్లు, చుట్టూ రాతి గోడ. ప్రతి సమాధికీ తల దగ్గర పెద్ద రాయి, కాళ్ళ దగ్గర చిన్న రాయి, చుట్టూ చిన్న రాళ్ళ వరస. చదవగలిగిన వాటిలో అన్నిటికంటే పాతది 1699 నాటిది. రాళ్ళ మీద పైన నెలవంక, ఒక వాక్యం అరబ్బీలో, కింద పేరు, తేదీలు. రష్యా ఏలుబడి నాటి సమాధుల మీద రష్యన్, ఆ తర్వాత వాటి మీద పోలిష్. ఏ కాలంలో ఎవరు ఏలారో ఆ రాళ్ళు చదువుకుంటూ పోతే తెలిసిపోతుంది. పేర్లు చూస్తే ఇంకా ఆశ్చర్యం, అహ్మద్ కొడుకులు అహ్మతోవిచ్‌లయ్యారు, హసన్ కొడుకులు అస్సనోవిచ్‌లయ్యారు, ఇంటిపేరు సగం మక్కా, సగం పోలెండ్. ఆ శ్మశానంలో ఇప్పటికీ ఖననాలు జరుగుతున్నాయి. తాతార్లలో ఎక్కువమంది ఇవాళ బియావిస్తోక్, గ్దాన్స్క్, వార్సా లాంటి నగరాల్లో ఉంటున్నారు, ఊళ్ళో మిగిలినవి కొద్ది కుటుంబాలే, కానీ చివరికి ఇక్కడికే తీసుకొస్తారు. బైరాం (ఈద్) పండుగకి కూడా ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని ఈ ఊరే వస్తారు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయ్యి ఊళ్ళు నిండుతాయే, అలాగన్నమాట.

పోలెండ్ 123 ఏళ్ళు పటం మీదే లేకుండా పోయింది, మూడు రాజ్యాలు పంచుకున్నాయి. ఆ కాలంలో దేశం కోసం రహస్యంగా పనిచేసినవాళ్ళలో అలెగ్జాండర్ సుల్కియెవిచ్ అనే తాతార్ ముస్లిం ఒకాయన. 1901లో రష్యావాళ్ళు బంధించిన పిల్సుద్‌స్కీని ఆస్పత్రి నుంచి తప్పించడంలో ఈయన చెయ్యి ఉంది. ఆ పిల్సుద్‌స్కీయే తర్వాత స్వతంత్ర పోలెండ్‌కి అధినేత అయ్యాడు, సుల్కియెవిచ్ మాత్రం ఆ రోజు చూడకుండానే 1916లో యుద్ధరంగంలో చనిపోయాడు. 1939లో హిట్లర్ దండెత్తినప్పుడు పోలెండ్ సైన్యంలో 13వ గుర్రపు దళంలో తాతార్లకి ప్రత్యేకంగా ఒక పటాలం ఉంది, యెల్యాషెవిచ్ అనే తాతార్ అధికారి దానికి నాయకుడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యం వీళ్ళందరినీ ఒక్క కలం పోటుతో కొట్టేసింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సరిహద్దులు పడమటికి జరిగిపోయాయి. అంతకుముందు పోలెండ్‌లో ఉన్న పదిహేడు మసీదుల్లో మిగతావన్నీ సోవియట్ వైపు పోయి, పాత చెక్క మసీదులు రెండే ఇటు మిగిలాయి, ఒకటి క్రుషినియానీలో, ఒకటి బొహొనికిలో. ఈ రెండింటినీ, వాటి మిజార్లనీ కలిపి 2012లో రాష్ట్రపతి ఉత్తర్వుతో జాతీయ చారిత్రక స్మారకాలుగా ప్రకటించారు, ఇక్కడ ఒక కట్టడానికి దక్కే పెద్ద గౌరవం అది. 2010లో బ్రిటన్ యువరాజు చార్లెస్ (ఇప్పటి రాజు) కూడా ఈ పల్లెకి వచ్చి వెళ్ళాడు. 2014లో ఎవరో రాత్రిపూట వచ్చి మసీదు గోడ మీద పంది బొమ్మ గీసి, శ్మశానంలో రాళ్ళ మీదా రంగు పులిమి పోయారు. మేం వెళ్ళేసరికి ఆ మరకలేవీ లేవు. దాని గురించి ఎవరూ తమంతట తాము ఎత్తలేదు కూడా, నేనే అడిగాను, అడిగినందుకు తర్వాత బాధపడ్డాను.

2021లో సరిహద్దు గొడవ వచ్చింది. బెలారుస్ వైపు నుంచి సిరియా, ఇరాక్ లాంటి దేశాల మనుషులు అడవుల్లోంచి దాటి రావడం, ఇటు సైన్యం ఆపడం. సెప్టెంబర్ నుంచి సరిహద్దు వెంబడి 183 ఊళ్ళలో అత్యవసర పరిస్థితి పెట్టారు, బయటివాళ్ళని రానివ్వలేదు, క్రుషినియానీ అందులోనే ఉంది. పర్యాటకుల మీదే ఆధారపడిన ఊరికి అది పెద్ద దెబ్బ. అలా సరిహద్దు దాటుతూ చనిపోయిన వలస మనుషుల్లో కొందరిని బొహొనికి తాతార్లు తమ మిజార్‌లో ఖననం చేశారు. మొదటివాడు సిరియా కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు. అతని వాళ్ళెవరూ రాలేకపోయారు. ముఖం తెలియని పిల్లవాడికి ఆ పల్లెవాళ్ళు నిలబడి ప్రార్థన చేసి, తమ తాతల పక్కన చోటిచ్చారు. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో ఏడ్చాను.

తిండి గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. అక్కడ పియెరెకాచెవ్నిక్ అని ఒకటి చేస్తారు. పిండిని కాగితంలా పల్చగా ఒత్తి, ఆరు పొరలు ఒకదాని మీద ఒకటి వెన్న రాసి పరిచి, లోపల మాంసమో, పనీర్ లాంటిదో పెట్టి, చుట్ట చుట్టి నత్తగుల్లలా పళ్ళెంలో సర్ది కాలుస్తారు. కోసి చూస్తే లోపల పొరలు పొరలుగా, మన తాపేశ్వరం కాజా మడతల్ని గుర్తుచేసింది, ఇది తీపి కాదు గానీ. యూరోపియన్ యూనియన్ దీన్ని 2009లోనే సంప్రదాయ వంటకంగా నమోదు చేసింది. ఊళ్ళో ఒక తాతార్ కుటుంబం నడిపే భోజనశాల ఉంది, 2018లో అగ్ని ప్రమాదంలో కాలి బూడిదైతే దేశం నలుమూలల నుంచి జనం చందాలు పంపారు, మళ్ళీ నిలబెట్టారు. మాంసం తిననివాళ్ళకి జున్ను, బంగాళదుంప, గుమ్మడి పెట్టి చేసినవి దొరుకుతాయి, అడిగితే చెబుతారు.

ఊళ్ళో ఆర్థడాక్స్ చర్చి కూడా ఉంది, క్రైస్తవ శ్మశానం కూడా ఉంది. దారిలో క్రింకి అనే చిన్న పట్నం తగులుతుంది, అక్కడ ఊరి నడుమ పార్కు, దాని చుట్టూ 12 వీధులు చక్రం ఆకుల్లా బయటికి పోతాయి. ఆ పట్నంలో ఒకప్పుడు సగానికి పైగా యూదులే, ఇప్పుడు పెద్ద ప్రార్థనాలయం రాతి గోడలు శిథిలాలుగా మిగిలాయి, ఆ యూదులు లేరు. క్రుషినియానీ చూసి వస్తూ దాని ముందు ఆగితే, ఆ పల్లె నిలబడటం ఎంత అరుదో అర్థమవుతుంది. నాకైతే క్రాకోవ్ కోటలో కలగని ఫీలింగ్ అక్కడ కలిగింది.

పోలెండ్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. 2022లో యుక్రెయిన్ నుంచి మన విద్యార్థులు చాలామంది ఈ దేశం మీదుగా ఇళ్ళకి చేరారు, అప్పుడు మీ పత్రిక కూడా రోజూ పోలెండ్ గురించి రాసింది. ఇక్కడున్న పిల్లలు సెలవు దొరికితే పారిస్, ప్రాగ్ అంటారు, తప్పేం లేదు, కానీ ఒక శనివారం ఇటు రండి. వార్సా నుంచి బియావిస్తోక్‌కి రైలుంది, రెండు గంటలు పైచిలుకు. అక్కణ్ణుంచి బస్సులు తక్కువ, నలుగురు కలిసి కారు అద్దెకి తీసుకుంటే మేలు. వేసవిలో రండి, చలికాలంలో తలుపులు తీసి ఉంటాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సరిహద్దు దగ్గర కాబట్టి పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు దగ్గరుంచుకోండి, పోలీసులు ఆపి అడుగుతారు, మమ్మల్ని రెండుసార్లు ఆపారు, మర్యాదగానే మాట్లాడారు. మసీదులో ఫోటోలు తీసేముందు అడగండి. మిజార్‌లో రాళ్ళ మీద కూర్చోకండి.

సంపాదకులకి నా విన్నపం ఒకటే. వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ వాక్యాన్ని సరిచేస్తూ రెండు లైన్లు వేయండి. చోటుంటే మసీదు ఫోటో కూడా వేయండి, మా ఆయన తీసినవి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, మూడోదాంట్లో బురుజు మీద నెలవంక స్పష్టంగా పడింది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వార్సా, పోలెండ్